మీసం దగ్గర చొక్కా, ముక్కు దగ్గర చీర

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అత్తమ్మ వాడకట్టంతా చెప్పి పెట్టింది. కాదనను. రాయికల్ దగ్గర ఒక సర్కారు బడిలో తెలుగు చెబుతాను. "రైతు యొక్క నాగలి" అని ఎవరైనా రాస్తే చాలు, ఆ "యొక్క" మీద ఎర్రసిరా గీత పడాల్సిందే. వరండాలో నా చెప్పుల చప్పుడు వినబడగానే పదో తరగతి పిల్లలు పుస్తకాల్లోకి తలలు దూరుస్తారు. అలాంటి నేను, బడి గడప తొక్కని ఒక ముసలామె, అప్పటికి అక్షరం ముక్క రాని ఒక చిన్నపిల్ల కలిసి మా పెరట్లో కట్టిన వ్యాకరణానికి లొంగిపోయాను. ఆ ముసలామె మా అత్తమ్మ. ఆ చిన్నపిల్ల నా బిడ్డ.

మా ఇల్లు కోరుట్లలో, ఊరు దాటీ దాటని చోట. మా ఆయన మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు, రెండేళ్లకోసారి వస్తాడు. ఇంట్లో మేము ముగ్గురం ఆడవాళ్లం, ఒక బర్రె. బిడ్డకు ఏడాదిన్నర ఉన్నప్పుడు ఒకరోజు వంటింట్లో నా చేతిలోంచి ఇత్తడి బిందె జారి బండల మీద పడింది. పక్కింటి వాళ్లు కూడా ఉలిక్కిపడి వచ్చారు. దాని వెనకాలే కూర్చుని ఆడుకుంటున్న నా బిడ్డ తల తిప్పలేదు. నేను ఆ బిందెను ఎత్తి మళ్లీ పడేశాను. మళ్లీ, మళ్లీ పడేశాను. చివరికి అత్తమ్మ వచ్చి నా చేతిలోంచి లాక్కుంది.

జగిత్యాలలో పరీక్షలు చేశారు. చెవులకు మిషన్లు పెట్టారు. వాటితో ఏవో చప్పుళ్లు తెలిసేవి గానీ మాటలు తెలిసేవి కావు. అక్కడే మాటలు నేర్పే టీచరమ్మ దగ్గరికి వారానికి రెండుసార్లు బస్సులో తీసుకుపోయేదాన్ని. ఆమె ఒకటే మాట చెప్పింది. పిల్లకు చేతులతో సైగలు అలవాటు చేయొద్దు, చేతులకు అలవాటు పడితే నోరు బద్ధకిస్తుంది. నేను దాన్ని వేదవాక్కు అనుకున్నాను. తెలుగు పంతులమ్మ బిడ్డకు తెలుగు రాకపోవడం ఏమిటి, వచ్చి తీరాలి అనుకున్నాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది కానీ రాస్తాను. అన్నం ముందు కూర్చోబెట్టి, దాని రెండు చేతులూ దాని తొడల కిందే పెట్టించేదాన్ని. "అమ్మ" అంటే ముద్ద పెడతాను. అది నా పెదవుల వంక చూసి, చూసి, "మ్ప" అనేది. ఆ "మ్ప"కు నేను చప్పట్లు కొట్టేదాన్ని. ఐదేళ్లు వచ్చేదాకా మా ఇద్దరి మధ్య జరిగిన మొత్తం సంభాషణ ఆ "మ్ప" ఒక్కటే.

అత్తమ్మకు ఈ తతంగం ఏమాత్రం నచ్చేది కాదు. ఆమె సిరిసిల్లలో ఇరవై ఏళ్లు సాంచాల షెడ్డులో నూలు కండెలు చుట్టింది. సాంచాలంటే కరెంటు మగ్గాలు. నలభై మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కనున్న మనిషి చెవిలో అరిచినా వినబడదు. అందుకని షెడ్డులో పనిచేసేవాళ్లకు ఒక చేతి భాష ఉండేది. దారం తెగిందనడానికి ఒక సైగ, చాయ్ తెమ్మనడానికి ఒక సైగ, మగ్గాల ఆసామి వస్తున్నాడు జాగ్రత్త అనడానికి ఒకటి. వాటిలో ఎక్కువ వాడేది ఎవరిది ఏదో చెప్పే సైగ. కండెల గంపలన్నీ ఒకేలా ఉండేవి, కలిసిపోయేవి, కొట్లాటలయ్యేవి. అందుకని ముక్కుపుడక ఉండేచోట వేలు పెడితే ఆడమనిషిది, పైపెదవి మీద వేలు రాస్తే మగమనిషిది, ఆ తర్వాత వస్తువు సైగ. ఒక చెయ్యి ఎప్పుడూ కండె మీద ఉండాలి గనక మొత్తం భాషంతా ఒక్క చేత్తోనే.

"షెడ్డుల నోరున్నోళ్లం గూడ మూగోళ్లమే బిడ్డా," అనేది అత్తమ్మ నాతో. "మేం బతకలేదా? గీ పొల్లకు చేతులున్నయి గద. గవ్విటిని ఎందుకు కట్టేస్తున్నవ్?"

నేను ఊరుకోలేదు. మీ షెడ్డు సైగలు నా బిడ్డకు నేర్పొద్దని మొహం మీదే చెప్పాను. రేపు దానికి బడి ఉంది, లోకం ఉంది, లోకమంతా సాంచాల షెడ్డు కాదు అన్నాను. అత్తమ్మ నా ముందు నేర్పడం మానేసింది. నేను బడికి పోయాక పెరట్లో బర్రె దగ్గర మొదలుపెట్టింది.

ఆ సంగతి నాకు ఏడాది తర్వాత గానీ తెలియలేదు. ఒకరోజు మధ్యాహ్నం తలనొప్పిగా ఉండి బడి నుంచి తొందరగా వచ్చాను. వంటింటి కిటికీలోంచి చూస్తే ఇద్దరూ కుడితి గోలెం పక్కన కూర్చుని ఉన్నారు. నా బిడ్డ రెండు చేతులూ గాలిలో ఆడుతున్నాయి. అత్తమ్మ ఏదో అడుగుతోంది, అది చెబుతోంది, మధ్యలో అత్తమ్మ అడ్డం పోతోంది, ఇది ఆమె చెయ్యి పట్టుకుని ఆపి మళ్లీ చెబుతోంది. ఐదేళ్ల పిల్ల వాదిస్తోంది! ఇంట్లో నా ముందు బొమ్మలా కూర్చునే పిల్లకు ఇన్ని సంగతులున్నాయని నాకు తెలియదు. తర్వాత అది రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, మెడ నిక్కించి, కనుబొమ్మలు ముడిచి చూసింది. అత్తమ్మ పగలబడి నవ్వింది. నాకు ఒక క్షణం పట్టింది. అది నేను. వాళ్ల భాషలో "అమ్మ" అన్న మాట అది.

తలుపు తీసుకుని పోయి ఇద్దర్నీ దులిపేద్దామనుకున్నాను. తలుపు దాకా పోయి వెనక్కి తిరిగాను. పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆ రోజు నుంచి అన్నం దగ్గర చేతులు కట్టించడం మాత్రం మానేశాను. జగిత్యాల టీచరమ్మ దగ్గరికి పోవడం కూడా నెమ్మదిగా తగ్గిపోయింది.

కానీ తప్పు ఒప్పుకోవడం నా జాతకంలో లేదు. ఒప్పుకోకుండా, కిటికీలోంచి చూడటం మొదలుపెట్టాను. కూరగాయలు తరుగుతూ చూసేదాన్ని, పేపర్లు దిద్దుతూ చూసేదాన్ని. చూసే కొద్దీ నాలోని పంతులమ్మకు మతి పోయింది.

అత్తమ్మ షెడ్డు నుంచి తెచ్చింది ముతక సరుకు. దాన్ని నా బిడ్డ చక్కబెట్టింది. అత్తమ్మకు ఒక చెయ్యే అలవాటు గనక ముందు మనిషి, తర్వాత వస్తువు. బిడ్డకు రెండు చేతులూ ఖాళీ. అది వస్తువునే తీసుకుపోయి ఆ మనిషి చోట పెట్టింది. గ్లాసు అంటే గుండ్రంగా వంచిన చెయ్యి. నాయనమ్మ గ్లాసైతే ఆ చెయ్యి ముక్కు దగ్గరికి పోతుంది. నాన్న గ్లాసైతే అదే చెయ్యి మీసం దగ్గరికి. నాన్న చొక్కా మీసం దగ్గర, ఆ చొక్కా జేబు మీసం దగ్గర, ఆ జేబులో బిస్కెట్టు కూడా మీసం దగ్గరే. ఎంత దూరం పోయినా వస్తువు తన మనిషిని వదలదు. "కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ షష్ఠీ విభక్తి" అని ఏళ్ల తరబడి పిల్లలతో వల్లె వేయించాను. మన తెలుగులో చొక్కా ఎవరిదైనా చొక్కాయే, దానికి మనిషి వాసన అంటదు. దీని భాషలో అంటుతుంది.

బర్రె సంగతి ఇంకా గమ్మత్తు. బర్రెకు దూడ పుట్టినప్పుడు, ఆ దూడ ఎవరిదో చెప్పడానికి అత్తమ్మ అలవాటుగా ముక్కు మీద వేలు పెట్టింది. బిడ్డ ఒప్పుకోలేదు. బర్రెకు ముక్కుపుడక లేదు. అది కాసేపు ఆలోచించి దూడను చెవి దగ్గర పెట్టింది. అప్పటి నుంచి జంతువులవన్నీ చెవి దగ్గరే. ఆ రోజు నేను తరగతిలో మహద్వాచకాలు, అమహద్వాచకాలు చెప్పి వచ్చాను. మనం "అన్న వచ్చిండు" అంటాం, "అక్క వచ్చింది" అంటాం, "బర్రె వచ్చింది" అంటాం. ఇన్నేళ్లుగా చెబుతున్నాను గానీ అక్కను బర్రెతో కట్టేశారేమిటని నేను ఒక్కనాడూ అడగలేదు. ఐదేళ్ల పిల్ల ఒక మధ్యాహ్నం పూట విడదీసి పారేసింది. శభాష్ అనాలనిపించింది. అనలేదు. ఎలా అనాలో నాకు రాదు.

దూరంగా ఉన్నవాళ్ల వస్తువులకు మరో పద్ధతి ఉండేది. నాన్న చొక్కా అని చెప్పేటప్పుడు మీసం దగ్గర పట్టుకున్న చెయ్యిని ముందుకు, మోచెయ్యి నిటారుగా అయ్యేదాకా చాచేది. మనిషి ఇక్కడ లేడు, చొక్కా మాత్రం అతనిదే అని. మా ఆయన సెలవు మీద వచ్చిన రోజు దండెం మీద ఆరేసిన చొక్కాను చూపిస్తూ అలవాటుగా చెయ్యి చాచింది. చాచి, ఎదురుగా కూర్చున్న తండ్రిని చూసి ఆగిపోయింది. మెల్లగా చేతిని వెనక్కి లాక్కుని మీసం దగ్గర ఆనించుకుంది. ఆయనకు అర్థం కాలేదు. అత్తమ్మ చెబితే విని, లేచి నీళ్ల తొట్టి దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. మళ్లీ మస్కట్ పోయేలోపు వాళ్ల దగ్గర ఒక యాభై సైగలు నేర్చుకుని పోయాడు. ఫోన్లో బొమ్మ కనబడేలా మాట్లాడుకునే రోజులు కదా, అక్కడ గదిలో తోటివాళ్లు నిద్రపోతున్నా తండ్రీబిడ్డలకు ఇబ్బందే లేదు.

మరి నువ్వెందుకు నేర్చుకోలేదని మీరడగొచ్చు. చూస్తే దాదాపు అర్థమయ్యేది. ఒక నోటు పుస్తకం నిండా రాసుకున్నాను, బొమ్మలు గీసుకున్నాను, పేర్లు పెట్టుకున్నాను. చేతులు మాత్రం లేవలేదు. చేతులెత్తితే ఇన్నేళ్లు నేను చేసిందంతా తప్పని ఒప్పుకున్నట్టే. పైగా బిడ్డను బడిలో వేసినా, ఆరేళ్ల నుంచి అక్షరాలు నేనే దిద్దించాను, చకచకా పట్టేసింది. నాతో ఏదైనా చెప్పాలంటే చీటీ మీద రాసేది. "అమ్మ ఆకలి." "అమ్మ పెన్సిల్ అయిపోయింది." నేను నోటితో, కళ్లతో జవాబు చెప్పేదాన్ని, లేకపోతే కిందనే రాసేదాన్ని. ఆఫీసులో అర్జీలు పెట్టుకున్నట్టు మా ఇద్దరి కాపురం నడిచింది. పెరట్లో మాత్రం అది గలగలా పారేది.

అత్తమ్మ నా నోటు పుస్తకం సంగతి కనిపెట్టింది. చదువు రాదు గానీ బొమ్మలు చూస్తే తెలియదా. ఒక సాయంత్రం పాలు పితుకుతూ, నా వైపు తిరగకుండానే అంది. "సూసుడు గాదే, రాసుడు గాదు. ఒక్క మాట జెప్పు దానికి. నేను ఇంక ఎన్ని దినాలుంట?"

నేను విననట్టు లోపలికి పోయాను.

బిడ్డకు తొమ్మిదేళ్లప్పుడు, వానాకాలం మొదట్లో, ఒక పొద్దున అత్తమ్మ చేతిలోంచి చాయ్ గ్లాసు జారిపోయింది. మొదట చూసింది బిడ్డే. స్నానం చేస్తున్న నన్ను తలుపు బాది బయటికి లాక్కొచ్చింది. అత్తమ్మ గోడకు ఒరిగి ఉంది, మూతి ఒక పక్కకు పోయింది, కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. ఆటోలో, తర్వాత అంబులెన్సులో జగిత్యాల తీసుకుపోయాం. ప్రాణానికి ఫరవా లేదన్నారు. కుడి పక్క పడిపోయింది, నాలుక తిరగడం లేదు. మాటలు వస్తాయా అని అడిగితే, చూద్దాం అన్నారు.

నాలుగో రోజు డాక్టరు వచ్చి గుటక వేయించి చూశాడు. మింగగలుగుతోంది, జావ, మెత్తన్నం తినిపించండి అన్నాడు. నేను సంతోషంగా జావ కలిపి చెంచా నోటి దగ్గర పెట్టాను. అత్తమ్మ పెదవులు బిగించింది. బతిమాలాను. మొహం తిప్పుకుంది. నర్సు ప్రయత్నించింది, పక్క మంచం వాళ్ల కూతురు ప్రయత్నించింది. మస్కట్ నుంచి కొడుకు ఫోన్లో ఏడ్చాడు. ఊహూ. మధ్యాహ్నానికి నర్సు చెప్పేసింది, సాయంత్రం దాకా చూస్తాం, తినకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తాం అని. నాకు కోపం, భయం రెండూ కలిసి వచ్చాయి. ఈ ముసలమ్మకు ఏం రోగం, చావాలనుకుంటోందా? అడుగుదామంటే ఆమెకు మాట లేదు. ఎడమచెయ్యి దుప్పటి మీద ఏదో కదులుతూనే ఉంది. నా నోటు పుస్తకంలో రాసుకున్నవన్నీ రెండు చేతుల మాటలు, ఆమె మాట్లాడుతున్నది ఒక్క చేత్తో, అదీ పట్టు తప్పిన చేత్తో. నాకు ఒక్క ముక్క అందలేదు.

అప్పుడు బిడ్డను పిలిపించాను. కోరుట్లలో పక్కింటామె దగ్గర ఉంచి వచ్చాను దాన్ని, ఆమే బస్సులో తెచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ చిన్నపిల్లలు లోపలికి పోవద్దన్నాడు. ఆ వార్డులో ఉన్న మనిషితో మాట్లాడగలిగేది ఈ ప్రపంచంలో ఈ పిల్ల ఒక్కతే, ఆపు చూద్దాం అన్నాను. నా మొహం చూసి దారిచ్చాడు.

బిడ్డ నాయనమ్మ మంచం ఎక్కి కూర్చుంది. ఆ వంకర మూతిని, పడిపోయిన చెయ్యిని తేరిపార చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తన కుడిచెయ్యిని వెనక పెట్టుకుంది. ఎడమచెయ్యి ఒక్కటే ఎత్తింది. నాయనమ్మకు ఒక చెయ్యే ఉంటే తనకూ ఒక చెయ్యే. తను కట్టిన అందమైన రెండు చేతుల పద్ధతంతా పక్కన పెట్టి, నాయనమ్మ షెడ్డులో మాట్లాడిన పాత పద్ధతిలో, ముందు మనిషి, తర్వాత వస్తువు, ఒక్కొక్కటే నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. అత్తమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎడమచెయ్యి లేచింది. ఇద్దరూ మాట్లాడుకున్నారు. నాలుగు రోజులుగా డాక్టర్లు, నేను, కొడుకు ఎవరం చేయలేని పని తొమ్మిదేళ్ల పిల్ల ఒంటి చేత్తో చేసింది. నాకు అంత గర్వం ఎప్పుడూ కలగలేదు, అంత చిన్నతనమూ కలగలేదు.

తర్వాత బిడ్డ దిగి వచ్చి, నా సంచిలోంచి పెన్ను తీసుకుని, మందుల చీటీ వెనక రాసింది. "నాయినమ్మకు ఆకలి అయితుంది. తింటదంట. అమ్మ అడగాలె అంట. నోటితోని కాదు."

రెండుసార్లు చదివాను. అత్తమ్మ వైపు చూశాను. ఆ వంకర మూతితోనే, కుడివైపు కదలకుండా పడుకుని, మొండిగా, పరీక్ష పెట్టే పంతులమ్మలా నన్నే చూస్తోంది. ఎన్నాళ్లో నా బిడ్డ అన్నం ముందు ఆగినట్టు ఆ రోజు అత్తమ్మ ఆగింది. తేడా ఏమిటంటే, ఈసారి మాట రావాల్సింది నాకు.

నేను చేతులెత్తాను. పక్క మంచాల వాళ్లు, వాళ్ల చుట్టాలు, స్టూళ్లు ఇటు తిప్పుకుని మరీ చూస్తున్నారు. పదిహేనేళ్లు సుద్దముక్క పట్టిన చెయ్యి, అన్నం ముద్ద కలిపినట్టు వేళ్లు ముడుచుకుని గాలిలో ఎటూ గాకుండా నిలబడింది. అన్నం అన్నాను. ఎవరి అన్నం? ఎవరిదీ కాదు. బిడ్డ తల అడ్డంగా ఊపి, నా మణికట్టు పట్టుకుని, ముడిచిన వేళ్లను పైకి తీసుకుపోయి నా ముక్కు పక్కన ఆనించింది. దాని వేళ్లు చల్లగా ఉన్నాయి. అక్కడి నుంచి చెయ్యిని నాయనమ్మ వైపు తోసింది, ఇక నువ్వే చెప్పు అన్నట్టు వదిలేసింది. నేను మళ్లీ మొదటి నుంచి ఒక్కదాన్నే చెప్పాను. నీ అన్నం, తిను. అంతే, రెండు ముక్కలు. అక్కడితో ఆగకుండా ఇంకోటి కూడా చెప్పాను. అది ఎలా చెప్పాలో నా పుస్తకంలో లేదు. రెండు అరచేతులూ ఆమె పాదాల మీద పెట్టాను.

అత్తమ్మ నోరు తెరిచింది. కుడిపక్క నుంచి కొద్దిగా జావ కారింది, తుడిచాను. మళ్లీ తెరిచింది. చెంచా తర్వాత చెంచా గిన్నె సగం అయ్యేదాకా నేను బిడ్డ వంక చూడలేదు.

చూసేసరికి అది మంచం పక్కన నిలబడి నాతో మాట్లాడుతోంది. చీటీ మీద కాదు, రెండు చేతులతో. బడిలో ఏదో జరిగింది, బర్రె ఏదో చేసింది, పక్కింటామె వండింది బాగాలేదు కాబోలు, మీసం దగ్గర, ముక్కు దగ్గర, చెవి దగ్గర, చేతులు చాచి, వెనక్కి లాగి, ఆగకుండా చెబుతోంది. తొమ్మిదేళ్ల మాటలు. నాకు సగం కూడా అందడం లేదు. చెంచా చేతిలో పట్టుకుని తల ఊపుతూ నిలబడ్డాను. కొంచెం మెల్లగా చెప్పమ్మా అని ఎలా అనాలో నాకు ఇంకా రాదు.